కాన్వెంటు టీచరు కథ ఎవరు రాస్తారు?

2022 ఏప్రిల్లో జంగారెడ్డిగూడెంలో మా అమ్మ పనిచేస్తున్న బడివాళ్ళు ఆమెకు సెలవిచ్చేశారు. రిటైర్మెంటు అనే మాట ఎవరూ అనలేదు. చిన్న ప్రైవేటు బడుల్లో ఆ మాట వినపడదు. "జూన్ నుంచి మీరు ఇబ్బంది పడనక్కర్లేదు టీచరమ్మ గారూ" అన్నారట. శాలువా కప్పారు, ప్రార్థన చేశారు, ఇరవై నాలుగేళ్ళ పరిచర్యకు దేవుడు తగిన ప్రతిఫలం ఇస్తాడని చెప్పి పంపించారు.

ఆ వారం నేను ఇంటికి వెళ్ళాను. 2019లో డాక్టరేటు వచ్చినప్పుడు నా సిద్ధాంత గ్రంథం ఒక ప్రతి అమ్మకిచ్చాను. బీరువా మీద నుంచి దాన్ని దింపి, దుమ్ము దులిపి, కళ్ళజోడు పెట్టుకుని విషయసూచిక చదివింది. "మిషనరీ విద్య మీద ఒక అధ్యాయం రాశావు కదే, ఇందులో మా బడి ఎక్కడుంది?" అని అడిగింది.

లేదు. అరవై పేజీల అధ్యాయంలో ఎక్కడా లేదు. "మీది మిషన్ బడి కాదమ్మా, ప్రైవేటు కాన్వెంటు. అది నా పరిధిలోకి రాదు" అన్నాను. అమ్మ కాసేపు ఊరుకుని, "రోజూ పొద్దున్నే పిల్లల చేత కీర్తన చదివించింది నేనే గదే" అంది. పరిధి అనే మాట పరిశోధకులకు ఎంత సుఖమైన మాటో నాకప్పుడు తెలిసింది. ఈ వ్యాసం ఆలస్యంగా చెబుతున్న జవాబు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తెలుగు సాహిత్యమూ, దాని మీద మన విమర్శా క్రైస్తవ బడిని ఎప్పుడూ అందులో చదువుకున్నవాళ్ళ వైపు నుంచే చూశాయి. ఒక వర్గం దాన్ని వెలుగు చూపిన తలుపు అంది. ఇంకో వర్గం మతం మార్చే వల అంది. ఈ రెండు వాదాల్లోనూ ఆ బడి స్త్రీలు పనిచేసే చోటన్న సంగతి లేదు. స్త్రీవాదులమైన మనం కూడా దాన్ని అలా చూడలేదు.

ముందు మా బడి గురించి చెప్పాలి. కొల్లేరు చేపల చెరువులూ డెల్టా వరిచేలూ చూసి అదే గోదావరి సీమ అనుకునేవాళ్ళకు మా మెట్ట ప్రాంతం సరిగా తెలియదు. మాది వర్జీనియా పొగాకు, పామాయిల్, నిమ్మ, జీడిమామిడి పండే నేల. ఊళ్ళో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. కాస్త ముందుకు పోతే బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం ఏజెన్సీ, కోయల, కొండరెడ్ల గూడేలు. జంగారెడ్డిగూడెం అప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది.

మా వైపు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి ఏదైనా "కాన్వెంటే". సన్యాసినులు ఉండక్కర్లేదు. మా బడిలో సిస్టర్లు ఎప్పుడూ లేరు. ఒక పాస్టరుగారు తన ఇంటి వెనక పెంకుటింట్లో మొదలుపెట్టిన బడి అది. తర్వాత రేకుల షెడ్లు లేచాయి. ఎల్‌కేజీ నుంచి పది దాకా తరగతులు, మూడొందలకు అటూ ఇటూగా పిల్లలు, పద్నాలుగు మంది సిబ్బంది. వాళ్ళలో పదకొండు మంది ఆడవాళ్ళు. ముగ్గురు మగవాళ్ళలో ఒకరు లెక్కల సారు, ఒకరు డ్రిల్లు సారు, ఒకరు వ్యాను డ్రైవరు. కరస్పాండెంటు అయ్యగారు. హెడ్‌మిస్ట్రెస్ అమ్మగారు, అంటే అయ్యగారి భార్య. చర్చిలో వాడే ఈ రెండు పిలుపులూ బడిలోనూ అవే.

అమ్మ 1998 జూన్‌లో చేరింది. జీతం 700 రూపాయలు. ఫీజు రాయితీ ఉంటుందని అప్పటిదాకా సర్కారు బడిలో చదివిన నన్ను మూడో తరగతిలో చేర్చింది. తెలుగు చెప్పేది, సోషల్ చెప్పేది, చిన్నపిల్లలకు ముక్కులు తుడిచేది. మే నెలలో ఎండన పడి ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్చమని అడిగేది. దాన్ని కాన్వాసింగ్ అంటారు. ఒక్కో టీచరు ఇంతమందిని తేవాలని లెక్క ఉండేది. పదో తరగతి సర్టిఫికెట్టు, టీచరు ట్రైనింగు సర్టిఫికెట్టు బడి బీరువాలో ఉండేవి. సంవత్సరం మధ్యలో మానేయకుండా ఆ ఏర్పాటు.

ఆ కాన్వాసింగ్‌కి ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. ఒక పెద్ద రైతు ఇంట్లో, బడిలో అమ్మను "మేడమ్, మేడమ్" అని చుట్టూ తిరిగే పిల్లవాడి ఇంట్లో, మమ్మల్ని అరుగు దగ్గరే నిలబెట్టారు. వాడి నానమ్మ మా పేట పేరు అడిగింది, మంచినీళ్ళు వాడి పారేసే ప్లాస్టిక్కు గ్లాసుల్లో ఇప్పించింది. ఆ పిల్లవాడు లోపలి నుంచి చూస్తున్నాడు. జూన్‌లో మళ్ళీ "మేడమ్" అన్నాడు. మా బడి దళిత స్త్రీకి ఏమిచ్చిందో, ఏమివ్వలేకపోయిందో ఆ రెండు రోజుల మధ్య ఉంది. ఇచ్చింది తక్కువేమీ కాదు. పెద్ద కులాల పిల్లలు ఒక మాల స్త్రీ చేతిలో అక్షరాలు దిద్దారు. ఆమె తప్పు అంటే తప్పు, ఒప్పు అంటే ఒప్పు. కానీ ఆ అధికారానికి బడి గేటే సరిహద్దు.

సరే, ఈ స్త్రీ మన సాహిత్యంలో ఎక్కడుంది?

మన చరిత్ర పుస్తకాల్లో మిషన్ బడి పురుషుల పేర్లతో మొదలవుతుంది. 1836లో నరసాపురం వైపు వచ్చిన బౌడెన్, బీర్. 1841లో బందరులో దిగిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్. 1843లో నోబుల్ పెట్టిన ఇంగ్లీషు బడి మొదట్లో పై కులాల అబ్బాయిలను ఉద్దేశించిందే. 1859లో కృష్ణా జిల్లా రాఘవాపురం పగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాకనే మాలపల్లెలు పెద్ద ఎత్తున ఆ మతం వైపు కదిలాయి. 1860 ప్రాంతంలో గోదావరి ఎగువన దుమ్ముగూడెంలో కోయల మధ్య పని మొదలైంది. ఈ కదలికలో పల్లెపల్లెకూ నడిచి, ఆడవాళ్ళ మధ్య కూర్చుని వాక్యం చెప్పింది "బైబిలు స్త్రీలు". వాళ్ళు మిషన్ దగ్గర నెలజీతం తీసుకుని పనిచేసిన తొలి తరం తెలుగు స్త్రీలలో ఉన్నారు. స్త్రీల ఉద్యోగ చరిత్ర రాసేటప్పుడు మనం వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో పెట్టిన బాలికల పాఠశాల నుంచి మొదలుపెడతాం. ఈ నడిచిన స్త్రీల దగ్గర్నుంచి మొదలుపెట్టం.

మా బడికీ ఈ పెద్ద మిషన్లకూ నేరు బంధం లేదు. ఏలూరు సెయింట్ థెరిసా కళాశాల 1953 నుంచి ఉంది. డిగ్రీ నేనక్కడే చదివాను. దానికి స్థలముంది, చరిత్ర ఉంది, పూర్వ విద్యార్థినులున్నారు. మా బడి వెనక ఏ విదేశీ సంఘమూ లేదు. స్థానిక పాస్టరు చొరవ, అద్దె స్థలం, నెలనెలా ఫీజుల మీద అది నడిచింది. అందుకే మిషన్ చరిత్రలోకి రాదు. ప్రభుత్వ విద్య చరిత్రలోకీ రాదు. కార్పొరేటు విద్య మీద మనం చేసే విమర్శలోకీ రాదు. నా "పరిధి" అలాగే తయారైంది.

సాహిత్యానికి వస్తే, నేను పరిశోధనలో ఎక్కువ పేజీలు ఇచ్చింది జి. కల్యాణరావు "అంటరాని వసంతం" (2000) నవలకి. దళిత క్రైస్తవ జీవితాన్ని అంత లోతుగా తెచ్చిన నవల మనకు మరొకటి లేదని ఇప్పటికీ అంటాను. కరువు, వలస, మతం మారడం, మారినా వెంటపడే కులం, ఇవన్నీ అందులో తరాల కథగా నడుస్తాయి. ఆ కథంతా రూతు జ్ఞాపకాల్లోంచి వస్తుంది. ఈ సంగతిని నేను సిద్ధాంత గ్రంథంలో మెచ్చుకున్నాను. స్త్రీ జ్ఞాపకమే చరిత్రకు ఆధారమైందని రాశాను. ఇప్పుడు మళ్ళీ చదివితే వేరే ప్రశ్న వచ్చింది. రూతు ఎవరిని జ్ఞాపకం చేసుకుంటుంది? ఎల్లన్నను, శివయ్యను, రూబేనును. ఆమె జ్ఞాపకం భర్త వంశవృక్షాన్ని మోస్తుంది. సుభద్ర లాంటి బలమైన స్త్రీ అందులో ఉంది, నిజమే. కానీ రూతు తన రోజు ఎలా గడిచిందో, తన పనికి ఎంత వచ్చిందో, ఎవరు ఇచ్చారో తలచుకోవడానికి నవలలో చోటు చిక్కదు. జ్ఞాపకం ఆమెది, కథ వాళ్ళది. ఇది రచయిత మీద ఫిర్యాదుగా అనడం లేదు. ఆ రోజు ఈ తేడాను గమనించని నా చదువు మీద ఫిర్యాదు.

సుజాత గిడ్ల ఇంగ్లీషులో రాసి 2017లో అమెరికాలో ప్రచురించిన "యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్" మా అమ్మ కథకు బాగా దగ్గరగా వచ్చిన పుస్తకం. ఆ కుటుంబంలో మొదట చదువుకున్న తరం ప్రసన్నరావు, మరియమ్మ. ఇద్దరూ కెనడా బాప్టిస్టు మిషన్ చలవతో చదువుకుని టీచర్లయినవాళ్ళు. పెద్ద కొడుకు సత్యం, అంటే మనకు తెలిసిన శివసాగర్, కె.జి. సత్యమూర్తి. రెండో కొడుకుకు మిషనరీ కేరీ పేరు పెట్టుకున్నారు. చిన్నది మంజుల, రచయిత్రి తల్లి. పుస్తకంలో ఎక్కువ భాగం సత్యానిది. అతని కవిత్వం, పార్టీ, అడవి. మంజుల బెనారసులో చదవడం, కాలేజీ లెక్చరరు కావడం, అత్తింటి మధ్య ఆ ఉద్యోగం నిలబెట్టుకోవడం కూడా ఉంది. పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం అది. మరియమ్మ మాత్రం చిన్న వయసులోనే చనిపోతుంది, కొద్ది పేజీల్లోనే కథలోంచి వెళ్ళిపోతుంది. ఒక దళిత స్త్రీ ఆ రోజుల్లో తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పడం ఎలా ఉండేదో మనకు అందదు. ఇంగ్లీషులో అయినా ఒక కూతురు తల్లి ఉద్యోగాన్ని కథగా రాసింది. అమ్మమ్మ దాకా పోవడానికి ఆధారాలు మిగల్లేదు.

మన భాషలో కూతురు రాసిన పుస్తకం హేమలతా లవణం గారి "మా నాన్నగారు". ఆ నాన్నగారు జాషువా. గుంటూరులో లూథరన్ చర్చివారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పనిచేసిన కవి. "గబ్బిలం" (1941) రాసిన చేతికి మిషన్ బడి అన్నం పెట్టిందనీ, అవమానమూ పెట్టిందనీ మనం ఎన్నో వ్యాసాల్లో రాసుకున్నాం. మగ టీచరు కవి అయితే అతని ఉద్యోగం సాహిత్య చరిత్రలో భాగమవుతుంది. ఆడ టీచరు ఏమీ రాయకపోతే ఆమె ఉద్యోగం ఎవరి చరిత్రలోనూ ఉండదు.

దళిత స్త్రీల రచనలను ఒక చోట చేర్చిన "నల్లపొద్దు" (2003) ఈ ఖాళీని మొదట మనకు చూపించింది. గోగు శ్యామల 1921 నుంచి 2002 దాకా వెతికి తీసిన ఆ సంకలనం లేకపోతే తొలి తరం దళిత రచయిత్రులు నాలాంటివాళ్ళ సిలబసులోకి వచ్చేవారే కాదు. ఎం.ఎం. వినోదిని కథలు "బ్లాక్ ఇంక్" (2015) పేరుతో పుస్తకమయ్యాయి. చల్లపల్లి స్వరూపరాణి కవిత్వమూ వ్యాసాలూ ఉన్నాయి. ఈ రచయిత్రులు తెరిచిన దారిలోనే నేను ఈ నాలుగు మాటలూ రాయగలుగుతున్నాను. ఆ దారిలో కాన్వెంటు టీచరు ఉద్యోగ జీవితమే పూర్తి కథగా ఇంకా రావాల్సి ఉంది.

ఎందుకు రాలేదు? నాకు తోచిన కారణం ఒక మాటలో ఉంది. ఆ మాట "పరిచర్య".

తెలుగు క్రైస్తవంలో పాస్టరు చేసేది పరిచర్య. ఆదివారం బడిలో పాటలు నేర్పే అమ్మాయి చేసేదీ పరిచర్యే. మా అమ్మ ఎనిమిది పీరియడ్లు చెప్పి, మధ్యాహ్నం అన్నం క్యారేజీలు సర్ది, సాయంత్రం వ్యానెక్కి పిల్లల్ని దింపి రావడమూ పరిచర్యే. మాట ఒకటే, ఫలితం మాత్రం ఒకటి కాదు. అయ్యగారి పరిచర్యకు బడి ఆయన పేరున ఉంటుంది, ఊళ్ళో గౌరవం ఉంటుంది. అమ్మ పరిచర్యకు పరలోకంలో ప్రతిఫలం. జీతం పెంచమని అడగబోతే "మనం డబ్బు కోసం చేస్తున్నామా అమ్మా" అనేవారు. ఆ "మనం" విన్నాక అడిగినవాళ్ళే సిగ్గుపడి వచ్చేవారు. ఇల్లాలి చాకిరీకి ప్రేమ అని పేరు పెట్టి లెక్కలోంచి తీసేశారని మన స్త్రీవాదం ఎప్పుడో చెప్పింది. విమల "వంటిల్లు" చదివి ఆ మాట గుర్తించిన నాకు పరిచర్య అనే మాట కూడా అదే పని చేస్తోందని గుర్తించడానికి అమ్మ శాలువా చూడాల్సి వచ్చింది.

షార్లెట్ బ్రాంటె "జేన్ ఐర్" (1847) ఎమ్మేలో చదువుకున్నవాళ్ళు ఇక్కడ సెయింట్ జాన్ రివర్స్‌ని గుర్తు తెచ్చుకోవాలి. మతాచార్యుడైన అతను ఇండియా వెళ్తూ జేన్‌ని భార్యగా రమ్మంటాడు. ప్రేమ లేదని దాచడు. అక్కడ ఆడపిల్లల బడులు నడపడానికి ఆమె పనికొస్తుందంటాడు. పెళ్ళి లేకుండా సహాయకురాలిగా వస్తానని జేన్ అంటే ఒప్పుకోడు. దేవుడి పని, భార్య పని, టీచరు పని మూడూ ముడేసి ఒకే మూటగా ఆమె నెత్తిన పెట్టాలని అతని పట్టు. జేన్ ఆ మూట కాదని వెళ్ళిపోతుంది. మనం ఆ తిరస్కారాన్ని స్త్రీ స్వేచ్ఛగా చదువుతాం. గాయత్రీ స్పివాక్ 1985లో రాసిన వ్యాసం ఆ స్వేచ్ఛ ఎవరిని మూల్యంగా చెల్లించిందో చూపించింది. నేను దానికి ఒక చిన్న ప్రశ్న చేరుస్తాను. జేన్ వద్దన్న ఆ పని తర్వాత ఎవరు చేశారు? మా వైపు మరియమ్మలు, మార్తమ్మలు చేశారు. వాళ్ళకు వద్దని లేచి వెళ్ళడానికి వారసత్వపు డబ్బు చేతికి రాలేదు.

దేశంలో ఇంకో ఉదాహరణ ఉంది. 1855లో పద్నాలుగేళ్ళ మాంగ్ పిల్ల ముక్తాబాయి తమ కులాల దుఃఖం మీద వ్యాసం రాస్తే మిషనరీల మరాఠీ పత్రిక "జ్ఞానోదయ" అచ్చువేసింది. ఆ పిల్ల చదివింది ఫూలే దంపతుల బడిలో. దళిత ఉద్యమం ఆ విద్యార్థినినీ గుర్తుపెట్టుకుంది, సావిత్రీబాయినీ గుర్తుపెట్టుకుంది. తెలంగాణ ప్రభుత్వం 2025లో జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినంగా ప్రకటించింది. ఒక టీచరు పనిని ఉద్యమం తన జ్ఞాపకంలోకి తీసుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తోంది. మా టీచర్లకు అలాంటి ఉద్యమం లేదు. దళిత ఉద్యమానికి వాళ్ళు చర్చి మనుషులు. చర్చికి పరిచారికలు. ఉపాధ్యాయ సంఘాలకు ప్రైవేటువాళ్ళు. స్త్రీవాదులకు, అంటే మనకు, మతం నీడలో ఉన్నవాళ్ళు.

అమ్మ సర్కారు టీచరు ఎందుకు కాలేదో కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవం తీసుకున్న దళితులకు లేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషను. మా చుట్టాల్లో చాలామందికి రెండు పేర్లుంటాయి. సర్టిఫికెట్లో ఒకటి, గుడిలో ఒకటి. ఆ రెండింటి మధ్య బతకడం తప్పని నేననను. తప్పు ఆ ఉత్తర్వుది. అమ్మ మాత్రం పెళ్ళయ్యాక నిజం రాయించుకుంది. డీఎస్సీ రాసిన ప్రతిసారీ ఆ ఒక్క శాతంలో ఆమె వంతు రాలేదు. "అబద్ధం చెప్పలేదు, అంతే" అంటుంది. నిజం చెప్పినందుకు రాజ్యం ఆమెను సర్కారు బడి బయట ఉంచింది. బయట ఉన్నందుకు అదే విశ్వాసం ఉన్న బడి ఆమెను చౌకగా తీసుకుంది. 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసినప్పుడు నేను ఫోన్ చేసి చెప్పాను. "నాకు వయసయిపోయింది గదే" అంది.

పి. సత్యవతి "ఇల్లలకగానే" కథలో ఇంటిపనిలో పేరు మరిచిపోయిన ఇల్లాలికి ఆ పేరు దొరికేది బడిలో కలిసి చదువుకున్న స్నేహితురాలి పిలుపులో. నేను ఈ కథ పాఠం చెప్పినప్పుడల్లా బడి అంటే పేరు కాపాడే చోటని చెప్పేదాన్ని. బడిలోనే పనిచేసే స్త్రీకి అది వర్తించదని ఇప్పుడు అనిపిస్తోంది. పిల్లలకు మా అమ్మ "మిస్", ఊరికి "కాన్వెంటు టీచరమ్మ", అయ్యగారికి "సిస్టర్". జీతం రిజిస్టరులో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకొకటి. ఏ స్నేహితురాలు ఏ పేరుతో పిలిస్తే ఆమెకు తన పేరు గుర్తుకు రావాలి? ఆ కథ గొప్పదనం తగ్గదు. కానీ అందులోని "స్త్రీ"కి ఒకే పేరు ఉంది, ఆ పేరు మీద ఎవరికీ అనుమానం లేదు. ఈ సంగతి దళిత స్త్రీలు మనకు ఎప్పటినుంచో చెబుతున్నారు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. జీతం ఆగిపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. మా ఊరికి ఆ సరిహద్దు ఎంతో దూరం లేదు. అయినా ఆ బియ్యం ఇవతలికి రాలేదు. లాక్‌డౌను సడలించాక అమ్మ పొగాకు ఆకు గ్రేడింగుకి కూలికి వెళ్ళింది. అక్కడ వరసగా కూర్చున్నవాళ్ళు చాలామంది తన పిల్లల తల్లులే. వాళ్ళు అమ్మను కింద కూర్చోనివ్వలేదట. ఎక్కడినుంచో ఒక స్టూలు తెచ్చి వేశారు. ఆ స్టూలు మీద కూర్చుని ఆకు వేరుచేయడం కష్టం, నడుము పడిపోతుంది. రెండో రోజు నుంచి తనే కిందకు దిగి కూర్చుంది. ఈ మాట నాకు ఏడాది తర్వాత, వేరే ఏదో చెబుతూ చెప్పింది. వాళ్ళిచ్చిన గౌరవమూ నిజమే, నడుము నొప్పీ నిజమే.

చట్టం ఈ పనిని పరిచర్య అనలేదు. 1994 జనవరి 1 నాటి జీవో నంబర్ 1 ప్రకారం ప్రైవేటు బడి వసూలు చేసిన ఫీజులో సగం సిబ్బంది జీతాలకు పోవాలి. 2009లో సవరించిన గ్రాట్యుటీ చట్టం టీచర్లను ఉద్యోగులుగా లెక్కించింది, అది కూడా 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. ప్రైవేటు బడుల యాజమాన్యాలు దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసి 2022 ఆగస్టులో ఓడిపోయాయి. అమ్మ ఇంటికొచ్చిన నాలుగు నెలలకు ఆ తీర్పు వచ్చింది. ఆమె ఆఖరి జీతం 7,500. దాన్ని పదిహేనుతో హెచ్చించి, ఇరవై ఆరుతో భాగించి, ఇరవై నాలుగేళ్ళతో మళ్ళీ హెచ్చిస్తే 1,03,846 రూపాయలు. ఈ లెక్క నేను కాగితం మీద వేసి చూపించాను. అమ్మ ఆ అంకెను చాలాసేపు చూసింది. "దేవుడి మందిరం మీద తగువు పెట్టుకుంటామా?" అంది. మందిరం వేరు, బడి వేరు అన్నాను. "ఇరవై నాలుగేళ్ళూ రెండూ ఒకటే అన్నారు గదే" అంది. సాహిత్య సిద్ధాంతాలు చదివిన నేను ఇంతకన్నా సూటి విమర్శ వినలేదు.

ఆ బడిని తిట్టడానికి నేనిది రాయడం లేదు. నాకు నలుగురిలో లేచి గొంతెత్తి చదవడం నేర్పింది ఆ బడి. పొద్దున్నే అసెంబ్లీలో మగపిల్లల ముందు నిలబడి ఆడపిల్లలు వాక్యం చదవడం మా దగ్గర మామూలు విషయం. కూలికెళ్ళే తల్లుల పిల్లలకు ఫీజు బాకీ ఉన్నా పరీక్ష రాయనిచ్చిన బడి. పెద్ద కార్పొరేటు బడులు వచ్చి డబ్బున్న పిల్లల్ని తీసుకుపోయాక ఆ అయ్యగారూ అప్పులపాలయ్యారు. అలాంటి చోట మేలూ దోపిడీ ఒకే చేతిమీదుగా జరుగుతాయి. దాన్ని చెప్పడానికి వ్యాసం చాలదు. కథ కావాలి, నవల కావాలి. వెలుగా, వలా అని అడిగే విమర్శకు ఆ కథ దొరకదు. ఎవరు ఊడ్చారు, ఎవరు చెప్పారు, ఎంత ఇచ్చారు అని అడిగితే దొరుకుతుంది.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందిమి ఎక్కడో ఒకచోట టీచర్లమే. గంటల లెక్కన పనిచేసే గెస్టు ఫ్యాకల్టీలం, ఏడాదేడాదీ కాగితం మార్చుకునే కాంట్రాక్టు లెక్చరర్లం. మన అమ్మల్లో, పిన్నుల్లో, చిన్నప్పటి మిస్సుల్లో కాన్వెంటు టీచర్లు ఉన్నారు. వాళ్ళు రాయరు, రాయడానికి వాళ్ళకు తీరికలేదు. వాళ్ళ దగ్గర పాత హాజరుపట్టీలు, జీతం కవర్లు, గ్రూపు ఫోటోలు ఉన్నాయి. వాటిని చూడండి, అడిగి రాసుకోండి. నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా వేయడానికి మళ్ళీ రాస్తున్నాను. ఆ అధ్యాయం మొదటి పేజీ జంగారెడ్డిగూడెం రేకుల షెడ్డులో మొదలవుతుంది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మ తనంతట తనే గ్రాట్యుటీ అర్జీ ముసాయిదా రాసి ఉంచింది. తప్పుల్లేకుండా, గుండ్రటి అక్షరాలతో, బోర్డు మీద రాసినట్టే ఉంది. కింద సంతకం చోట ఖాళీ వదిలేసింది. "ఏ పేరు పెట్టమంటావు?" అని అడిగింది. జీతం రిజిస్టరులో ఉన్న పేరు పెట్టాలని నాకు తెలుసు. రెండూ పెట్టమని చెప్పాను. పెట్టింది.